ఒంటికాలి కుట్టు

గుణుపురం స్టేషను రోడ్డులో
నా కొట్టు ముందు రిక్షా ఆగింది.
గోనెపట్టా కప్పుకుని, నోరు బిగబట్టి,
ఆసుపత్రికి తెచ్చిన ముసలిదానిలా
కాళ్ళమిషను.

తెచ్చినవాడు తరులతా పాత్రో మనవడు బిపిన్.
రోగం ఒడియాలో చెప్పాడు,
బేరం తెలుగులో ఆడాడు.
చక్రం బిగుసుకున్నప్పటి నుంచీ
ఆయీ ఎవరితోనూ మాట్లాడడం లేదట.

మూడు రోజులు కిరసనాయిలు తాగించాను.
నాలుగోనాడు మెడ కదిపింది.
పళ్ళ మీది రేకు విప్పితే
ఏళ్ళ తరబడి పీచు, అట్టకట్టి, పొరలుగా:
బడినిక్కర్ల నీలం,
ఓట్ల ఏడాది జెండాల పచ్చ,
ఎవరి పెళ్ళిరవికదో జరీ పొడి,
అన్నిటికీ అడుగున తెలుపు.
దోమతెరో, పాడెగుడ్డో,
అడగలేదు.

సూది తిరగేసి ఉంది.
ఎవరు పెట్టారంటే బిపిన్ ఆకాశం చూశాడు.
పర్లాకిమిడి నుంచి తోలుబెల్టు తెప్పించి
రెండంగుళాలు కోసి కొక్కెం వేశాను.
తొక్కుడు పలక మీద ఎడమవైపు ఇనపపూలు
నిన్న పోతపోసినట్టున్నాయి.
కుడివైపు పూలే లేవు,
ఏటిరాయంత నునుపు.
తుప్పు తినేసిందనుకున్నాను.
కడ్డీ అడుగున బుష్ కోడిగుడ్డులా అరిగితే
లేతు మీద కొత్తది తీయించి బిగించాను,
పున్నమి చంద్రుడంత గుండ్రంగా.

తొక్కి చూశాను.
చీమలబారు లాంటి కుట్టు.
రెండొందల యాభై తీసుకున్నాను.

మూడోనాడు బిపిన్ మళ్ళీ వచ్చాడు.
"కుట్టు గెంతుతోంది మిస్త్రీ,
చక్రం వెనక్కి తిరిగి దారం తెంపుతోంది."
సామాన్ల సంచీతో వంశధార గట్టుకి వెళ్ళాను.
నేను తొక్కితే చీమలబారే.
ఆమె కూచుంది.
ఫట్. తెగింది.
మళ్ళీ ఎక్కించాను. మళ్ళీ ఫట్.

అప్పుడు కిందకి చూశాను.
చీర అంచు కింద నుంచి
పలక మీదకి దిగింది ఒక్క కాలే.
రెండోది పక్కన ఆనించుకుంది,
ముయ్యని గొడుగును మూలపెట్టినట్టు.

అరవై ఏళ్ళు కుడికాలొక్కటే.
కడ్డీ ఆ కాలికి వంగింది,
బుష్ ఆ కాలికి అరిగింది,
లేని కాలు చెయ్యాల్సిన పని
ఆ అరుగుదల చేసిపెడుతూ వచ్చింది.
నేనేమో దాన్ని
రెండు కాళ్ళవాళ్ళ కోసం బాగుచేశాను.

సైకిలెక్కి కొట్టుకి పరిగెత్తి
తుక్కుడబ్బా నేల మీద బోర్లించాను.
నట్లు, విరిగిన సూదులు, ఒక గాజుముక్క,
కాజాబొత్తాం, బీడీ పీక,
దొరికింది కోడిగుడ్డు.

తిరిగి బిగించాక
టక్కు... టకటక, టక్కు... టకటక,
నడక కుంటిదే.
కుట్టు కుంటలేదు.

డబ్బు వద్దన్నాను.
ఆమె నన్ను ఎగాదిగా చూసి
అంతవరకూ నాతో ఆడని తెలుగులో అంది:
"సొక్కా జేబు సిరిగింది గదా. ఇప్పు."

బనీనుతో నిలబడ్డాను.
బిపిన్ నవ్వు ఆపుకోలేదు.

కొత్త బుష్ నా దగ్గరే ఉంది,
ఏ మిషనుకీ కుదరక, గుండ్రంగా.
ఆ జేబులోనే వేసుకు తిరుగుతున్నాను.