బార

సైదాపురం హైస్కూల్లో తొమ్మిదో తరగతి గది.
బల్ల మీద మిషను, పక్కన అట్టగొట్టాల పెట్టె,
మనిషికొకటి. వాడింది బకెట్లోకి.
పొద్దున్నే మూడు లీటర్ల సిరంజితో
మిషనుకి ముందు ఈ ఊరి గాలి పట్టించాను.
సరిగ్గా మూడు అంది.
గాలిలో ఏముందో అది చెప్పదు.

అడిగేది మూడే:
వయసెంత, ఎత్తెంత, ఆడా మగా.
ఆ పైన తనే చెప్తుంది
ఈ మనిషి ఎంత వదలాలో.
వదిలినదాన్ని వదలాల్సినదానితో భాగిస్తుంది.

మొదట ఒక పిల్ల వచ్చింది, లోహిత, పదకొండేళ్ళు.
నవ్వాపుకోలేక రెండుసార్లు పాడుచేసి
మూడోసారి గీతని ఎగరేసింది.
ఎదిగే వయసు. ఇరవై, ఇరవై అయిదు దాకా
తిత్తి సాగుతూనే ఉంటుంది.
తర్వాత దిగుడే.
ఏడాదికి ముప్పై మిల్లీలీటర్లు,
అంటే చిన్న గ్లాసుతో అర టీ.
అది అందరికీ పోయేదే, దానికి జబ్బని పేరు లేదు.
పట్టిక ముందే మినహాయించుకుంటుంది,
జీతంలో పీఎఫ్ లాగ.

వెంగమ్మ వంతు వచ్చేసరికి రెండు దాటింది.
"వయసెంతవ్వా?"
"తుఫానేడు పుట్టానంట."
"ఏ తుఫాను?"
"మాకేందమ్మా, ఏటా వస్తానే ఉంటది గదా."
ఆధార్ కార్డులో జనవరి ఒకటి.
వరసలో కూర్చున్నవాళ్ళు ముప్పాతిక మంది
జనవరి ఒకటినే పుట్టారు.
కార్డు ప్రకారం యాభై రెండు.
చేతులు చూస్తే నేను డెబ్బై అంటాను.

నిలబెడితే గోడకి వీపు ఆనలేదు.
ముప్పై ఏళ్ళు వంగి
కాకిబంగారం రేకులు చీల్చిన వీపు.
వంగినవాళ్ళకి ఎత్తు కొలవం, బార కొలుస్తాం.
చేతులు చాపమన్నాను.
ఆ వేలి కొస నుంచి ఈ వేలి కొసకి
నూట నలభై తొమ్మిది.
చాపినంతసేపూ
వాకిట్లో ఎవర్నో ఆపుతున్నట్టు నిలబడింది.

"పొయ్యిగొట్టం అనుకోవ్వా.
మొత్తం లాగి మొత్తం ఊదు.
ఊదు ఊదు ఊదు ఇంకా ఇంకా"
నాలుగో సెకనుకి దగ్గు.
మళ్ళీ.
మళ్ళీ.
మూడింట్లో మెరుగైంది తీసుకోవాలి, రూలు.
ఒకటీ పాయింటు ఒకటి. ఉండాల్సింది రెండు.
వందకి యాభై అయిదు.

ఎందుకో వయసు దగ్గర డెబ్బై కొట్టి చూశాను.
అదే గాలి, అదే దగ్గు,
వందకి డెబ్బై అయిదు అయింది.
చెరిపేశాను.
కార్డులో లేనిది రాయకూడదు.

తెర మీద గీత చూపించి అడిగింది,
"ఈ పైదెవురిది?"
"బాగున్నవాళ్ళదవ్వా. నీ వయసు, నీ పొడుగు.
పొగతాగనివాళ్ళు, దుమ్ములో పని చెయ్యనివాళ్ళు.
అట్టాంటివాళ్ళని చాలామందిని ఊదించి గీశారు."
"మా వీధిలో ఊదించలా."
"లేదు."
"వచ్చినా నీకు దొరకరులే."

కాగితం ఇచ్చాను. అంకెల వైపు చూడలేదు.
మూల పట్టుకుని
బొటనవేలి గోటితో అంచు గిల్లింది,
రేకు విడదీయడానికి సందు వెతికినట్టు.
ఒకటే పొర.
చీలదని తెలిశాక
నాలుగు మడతలు పెట్టి రొండిన దోపుకుంది.