పిండి కొద్దీ రొట్టె

మార్లో బెండ్ మెయిన్ వీధిలో
ఇప్పటికీ ఒక బేకరీ ఉంది.
గాజు మీద బంగారు అక్షరాలు:
"వేడి రొట్టె, రోజూ తెల్లవారుజామున."
తలుపు తోస్తే తెరుచుకోదు.
వెనక అర అంగుళం ప్లైవుడ్,
దాని వెనక పదేళ్ళ కిందట మూతపడ్డ
చెప్పుల దుకాణం చీకటి.

నేను రాష్ట్ర ఆడిట్ ఆఫీసు మనిషిని.
లూసియానా ఆగస్టు, చొక్కా వీపుకి అతుక్కుపోయింది.
సంచిలో నూట నలభై రసీదులు, ఒక ప్రశ్న:
ఆ సినిమాకి మనం వదులుకున్న కోటీ పది లక్షల డాలర్లు
ఎవరి చేతిలో పడ్డాయి?

క్రెడిట్ అంటే ఏమిటని మా అమ్మాయి అడిగితే
ఒకసారి ఇలా చెప్పాను:
ఒకాయన మన దగ్గర డాలరు ఖర్చు పెడతాడు,
మనం ముప్పై సెంట్ల కాగితం రాసిస్తాం.
ఆయన ఇక్కడ కట్టాల్సిన పన్నే లేదు కనక
ఆ కాగితాన్ని ఓ ఇన్సూరెన్సు కంపెనీకి తక్కువకి అమ్ముకుంటాడు,
వాళ్ళు దాంతో తమ పన్ను కట్టేస్తారు.
"మరి ఖజానాకి డబ్బు ఎవరిస్తారు?" అంది.
తొమ్మిదేళ్ళు దానికి.
అన్నం తిను, అన్నాను.

జూన్ ఎండలో మంచు కురిపించారట ఇక్కడ.
కాగితపు మంచు.
మొదటి వానకే గుజ్జై
మురుగు కాలువల్లో నెలంతా తెల్లగా కూర్చుంది.
ఎత్తిపోయించిన ఖర్చు ఊరి పద్దులో ఉంది,
సినిమా పద్దులో లేదు.

రెండు వందల పన్నెండు ఉద్యోగాలు, అంది వాళ్ళ నివేదిక.
తిరగేసి చూశాను: తలకి పందొమ్మిది రోజులు.
ఏడాది పొడవునా సాగదీస్తే
పదిహేను మంది, ఇంకో మనిషిలో సగం.
ఖర్చులో మూడో వంతు ఒక్క నటుడి జీతం.
ఆయన ఇక్కడున్నది పన్నెండు రోజులు.
ఎనభై ఏడో రసీదు: ఒక గిన్నె గంబో.

ఆర్లిస్ గిడ్రీ వడ్రంగి.
ఆ బేకరీ ముఖం చెక్కింది అతనే.
"పని చూడండి," అని అక్షరాల అంచు మీద వేలు నడిపాడు,
పసిపిల్ల చెంప తడిమినట్టు.
ఇంకో సినిమా వస్తుందన్నారట, ట్రక్కు కొన్నాడు.
పక్క రాష్ట్రం ఇంకో అయిదు శాతం ఎక్కువ చూపించింది.
సినిమా అటు నడిచింది.
వాయిదాలు ఇక్కడే ఉండిపోయాయి.

లైబ్రరీ తలుపు మీద టేపుతో అతికించిన కాగితం:
మంగళ, గురు, శని మాత్రమే.
దీనికీ దానికీ సంబంధం ఉందని
నేను రాయలేను. రుజువు లేదు.
డబ్బు మీద పేరుండదు కదా.

ఇవన్నీ రాసుకుని వెళ్ళిపోయేదాన్నే.
వెర్లీన్ బాటిస్ట్ వరండాలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది.
ఆ వరండాని రెండు రోజులు అద్దెకి తీసుకున్నారట,
తొమ్మిది వందల డాలర్లు.
"పళ్ళు కట్టించుకున్నాను," అంది,
చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది.
"ఆరేళ్ళైందమ్మా ఇలా నవ్వి."
నా పట్టికలో పళ్ళకి గడి లేదు.
'ఇతర ప్రయోజనాలు' అని ఒకటుంది,
అందులో తొమ్మిది వందలు వేశాను,
కొట్టేశాను,
మళ్ళీ వేశాను.

పిండి కొద్దీ రొట్టె, అనేది మా నాయనమ్మ
ఎవరైనా గొప్పలకి పోతే.
ఆవిడకి తెలిసిన లోకంలో
పిండి ముందు, రొట్టె తర్వాత.

మర్నాడు ఆరింటికి కారు తీస్తుంటే
ఎవరో లారీ డ్రైవరు బేకరీ తలుపు తోశాడు.
గాజుకి నుదురానించి లోపలికి చూశాడు.
చేతి గడియారం చూసుకున్నాడు.
ఇంకా తెరవలేదనుకున్నాడేమో,
మెట్టు మీద కూర్చుని సిగరెట్టు వెలిగించాడు.

అద్దం దించాను.
మూడు మైళ్ళ అవతల పెట్రోలు బంకులో
బ్రెడ్డు దొరుకుతుందని చెప్పాను.
"వాసన వచ్చినట్టుందే," అన్నాడు.