రెండు టైల్సంత జాగ

షార్జా, ఇండస్ట్రియల్ ఏరియా,
మూడో అంతస్తుల మూలకున్న రూము.
ఎనిమిది మంచాలు, ఒక్క కిటికీ.
మంచానికీ మంచానికీ నడుమ
రెండు టైల్సంత జాగ.
నా జిమ్ము గదే.

పన్నెండు గంటలు ట్రేలర్ల కూసుంటా.
ఖోర్ ఫక్కాన్ తొవ్వల సొరంగాలు దాటుతుంటే
ఉరికేది రోడ్డే, నేను కాదు.
కాలు క్లచ్చుకు అలవాటైంది,
పొట్ట స్టీరింగుకు.

మొగిలి సుత ఇట్లనే కూసున్నడు, పదకొండేండ్లు.
నా పై మంచం వానిది.
ఓనాడు పొద్దుగాల నాలుగూ పదికి వాని ఫోను మోగింది.
మోగింది. మళ్లా మోగింది.
"ఆపరా బై" అని కింది నుంచి పలక మీద తన్నిన.
ఆ తన్నుడు ఇంకా నా మడిమల్నే ఉన్నది.

మెడికల్‌కు పోతే
క్లినిక్కుల నర్సు మంజుల, మా ధర్మపురి దిక్కు పిల్ల,
బీపీ పట్టీ విప్పుకుంట అడిగింది:
"అన్నా, ఆఖరుకు ఎప్పుడు ఉరికినవ్?"
ఎంత యాది చేసుకున్నా
ఎనిమిదో తరగతిల, తెగిన పతంగి ఎనుక.

ఈసీజీ కాయితం డాక్టరు చూసినంక చెప్పింది:
"రోజుకు నాలుగు నిమిషాలు.
ఇరవై సెకన్లు పానం పెట్టి ఎగురు, పది సెకన్లు ఆగు.
మొదట్ల మెల్లగనే.
ఛాతిల పట్టేసినట్టైతే బంద్ చేసి ఉరికి రా...
కాదు కాదు, ఫోన్ చెయ్యి."

గుండె రాయి చేసుకొమ్మని చెప్పి పంపిండ్రు
ఇంటికాడ అందరు.
చేసుకున్న.
ఆ రాయిని ఉరికియ్యాలెనని
విమానం ఎక్కేటప్పుడు ఎవ్వరు చెప్పలే.

మొదటి దినం ఆరో ఎగురుడుకే గోడ పట్టుకున్న.
గిన్నెల స్టాండు గలగలమన్నది.
కింది రూము పఠాను, గుల్ జమాన్,
చీపురుకట్టెతోని కప్పుకు పొడిచిండు.
తెల్లారి దుప్పటి నాలుగు మడతలేసి
దాని మీద ఎగిరిన.

ఛాతి మీద చెయ్యి పెట్టుకుంటే
మా నాయిన సాంచా.
ఖటక్ ఖటక్ ఖటక్.
ఆ చప్పుట్ల హాయిగ నిద్రపోయేటోళ్ళం.
ఆగితేనే
ఇంట్లందరం ఉలిక్కిపడి లేచేటోళ్ళం.

వాని ఫోను వాని సామాన్లతోనే ఊరికి పోయింది.
నాలుగూ పది మాత్రం
నా ఫోన్ల పెట్టుకున్న.
బాత్రూము ముంగట లైను కట్టకముందే
నా పని అయిపోతది.

రెండు నెలలు.
నీళ్ళ క్యాను భుజాన పెట్టుకొని
మూడంతస్తులు నడుమ ఆగకుంట ఎక్కుతున్న.
కూసున్నప్పుడు నాడి తొంభై రెండు ఉండె,
ఇప్పుడు ఎనభై.
మంజుల ఏమనలే,
అంకె కింద పెన్నుతోని రెండు గీతలు కొట్టింది.

నిన్న నాలుగూ పదికి తలుపు చప్పుడు.
గుల్ జమాన్. లొల్లి పెడ్తడనుకున్న.
గడపల నిలబడి కొంచెంసేపు చూసిండు.
చెప్పులు ఇడిసిండు.
నాకో టైలు, ఆయనకో టైలు.

కప్పుకు పొడిచేటోడు లేక
కింద చీపురు
ఉత్తగనే గోడకు నిలబడ్డది.