ముందు చక్రం

ముందు చక్రం మాత్రం వదిలేసి వెళ్లాడు.
స్తంభానికి వేసిన గొలుసులో
అది అలాగే నిలబడి ఉంది,
మనిషి వెళ్లిపోయాక కూడా
ఇంకా చాచి ఉన్న చెయ్యిలా.

గ్రోనింగన్‌లో నవంబరు, పొద్దున్న ఏడు.
రాత్రి డ్యూటీ దిగి వచ్చాను.
వాన పడటం లేదు, గాలిలో నిలబడి ఉంది.
ఆసుపత్రి వెనక షెడ్డులో వందల సైకిళ్లు.
నాది లేదన్న సంగతి
నాకు తప్ప ఎవరికీ కనపడదు.

ఇది మూడోది.
మొదటిది పోతే ఏడ్చాను,
రెండోది పోతే తిట్టాను.
మూడోదానికి
బస్సెప్పుడో చూసుకున్నాను.

పోలీసు ఫారంలో
రంగు: నలుపు.
ప్రత్యేక గుర్తులు: సీటుకు కట్టిన ప్లాస్టిక్ సంచి.
రాశాక నాకే నవ్వొచ్చింది,
ఈ వానల ఊళ్లో ఏ సీటుకు లేదు సంచి?
దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగాయంటారు.
మావి మర్యాదగల కుక్కలు,
పన్నెండు రోజులకే
ఉత్తరం రాసి మొరిగాయి:
ఆధారాలు లేవు, ఫైలు మూసేశాం.

ఇక్కడ పోయేవన్నీ చిన్నవే.
దీపం. గాలి పంపు.
సంతలో చేపలు కొంటుంటే
బుట్టలోంచి చేతి తొడుగు, ఒక్కటే.
ఒంటిచెయ్యి దొంగేమో అని
వార్డంతా వినపడేలా నవ్వింది టీనెకె.
ఒకసారి మా వాడి సీటు బెల్టు.
దానికి మాత్రం కోపం రాలేదు.
ఎవడికో పిల్లాడున్నాడు,
వాణ్ణి జారిపోకుండా కట్టుకుంటున్నాడు.

శనివారం చీకటి పడ్డాక
కాలువ వంతెన కిందికి వెళ్లమంది టీనెకె.
అందరూ వెళ్లేదే అంది.
వాడికి పదిహేడుంటాయేమో.
ముక్కు కారుతోంది, గోళ్లు నీలం.
నర్సు కళ్లు, చూడొద్దన్నా చూస్తాయి.
ఇరవై యూరోలు. రసీదు లేదు.
గంట మోగుతుంది, అన్నాడు,
మోగించి చూపించాడు,
అదొక్కటే వాడిచ్చిన హామీ.
నేను బేరమాడాను.
పద్దెనిమిదికి ఇచ్చాడు.
ఆ రెండు యూరోలు నాకెందుకో
ఇప్పటికీ తెలీదు.

ముదురాకుపచ్చ బండి.
పసుపు గంట మీద సగం గీరుకుపోయిన నక్క బొమ్మ.
సీటు మరీ కిందికి ఉంది,
ఎవరో పొట్టి మనిషిది.
నాలుగు వేళ్ల ఎత్తు లేపాను.
అంతే, నాదైపోయింది.

మార్చిలో, సంత మలుపు దగ్గర,
అడ్డొచ్చిన పావురానికి గంట కొట్టాను.
పావురం కదల్లేదు.
ఉల్లికాడల కట్టతో ఒక ముసలామె
తల తిప్పింది.
బండి వంక చూడలేదు ముందు,
గంట వంక చూసింది.
తర్వాత నా కాళ్ల వంక.

సీటు ఎత్తారు, అంది.

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.
దిగి హ్యాండిల్ ఆమె వైపు తిప్పాను.
వద్దు, నాకింకోటి దొరికింది, అంది.
నక్కను మా మనవరాలు అంటించింది,
ఆ గంటొక్కటి ఇవ్వండి.

మర విప్పడానికి పర్సు వెతికాను.
రెండు యూరోల నాణెం గాడిలో పట్టలేదు.
యాభై సెంట్లది పట్టింది.
తిప్పుతున్నంతసేపూ
ఇద్దరం నా వేళ్లనే చూశాం.

ఆమె బండి గోడకు ఆనించి ఉంది.
నలుపు. సీటుకు ప్లాస్టిక్ సంచి.
వెనక చక్రం పాతది, బురదది.
ముందు చక్రం
కొత్తగా మెరుస్తోంది.

ఎక్కడ కొన్నారని నేనడగలేదు.
ఎక్కడ కొన్నావని ఆమే అడగలేదు.
గంటను ఉల్లికాడల మధ్య పెట్టుకుని
మెల్లగా తొక్కుకుంటూ పోయింది.

ఇప్పుడు మలుపుల దగ్గర
నోటితోనే మోగుతున్నాను.
షెడ్డులో ఆ చక్రం ఇంకా అలాగే ఉంది,
ఆకుల మధ్య నిలబడి, తుప్పు పడుతూ.
తాళంచెవి నా గుత్తిలోనే ఉంది.
డ్యూటీ దిగిన ప్రతి పొద్దునా
ఒకసారి తడిమి చూసుకుంటాను,
పోలేదు కదా అని.