మూడో కుర్చీ

ఐదుగురు సభ్యుల నీళ్ల బోర్డు మాది.
ఇద్దరు కలిస్తే పిచ్చాపాటీ.
ముగ్గురు కలిసి నీళ్ల మాటెత్తితే మీటింగు—
ఒకరోజు ముందే పోస్టాఫీసు తలుపుకి నోటీసు గుచ్చాలి.
గుచ్చేది నేనే.
పద్దెనిమిదేళ్లుగా అవే నాలుగు గుండుసూదులు.

నెబ్రాస్కాలో జనవరి. మోకాలిదాకా మంచు.
లుడ్మిలా కాఫీ హోటల్లో
ఎమిల్, డ్వేన్ యాపిల్ కేకు తింటున్నారు.
ఓరిన్ వచ్చాడు, బూట్ల మంచు దులుపుకున్నాడు.
పక్క బల్ల ఖాళీగానే ఉంది.
మూడో కుర్చీ లాక్కున్నాడు.

మొక్కజొన్న ధరన్నారు, మోకాళ్ల నొప్పులన్నారు.
అంతలో గొంతులు తగ్గాయి.
గొంతు తగ్గిందంటే నీళ్ల సంగతే.
"తూర్పు వీధి పైపు ఈ ఏడూ వద్దులే"
అన్నదెవరో చూడలేదు,
ఊఁ కొట్టిన గొంతులు మాత్రం రెండు.

కాగితం రుమాలు మీద రాసుకున్నాను:
ఏడూ నలభై. ముగ్గురు. పైపు.
చేతికి అలవాటు, అంతే.

సోమవారం తూర్పు వీధి వెర్నా కోస్తెలాక్
తుప్పు రంగు నీళ్ల సీసా నా బల్ల మీద పెట్టి
పైపు కాగితాలన్నీ కావాలంది.
ఎందుకని నేనడక్కూడదు, చట్టం.
పేజీకి పది సెంట్లు.

ఇరవై రెండు పేజీలు ఇచ్చాను.
సొరుగు మూశాను.
మళ్లీ తెరిచాను.
బోర్డు గుమాస్తా బోర్డు సంగతి రాస్తే
రుమాలైనా రికార్డే కదా.
కాఫీ మరకతో సహా కాపీ తీశాను;
మరక నల్లగా వచ్చింది, అక్షరాలూ వచ్చాయి.

రెండు డాలర్ల ముప్పై.
వెర్నా చిల్లర లెక్కపెడుతోంది.
బయట గడప మీద
ఎవరో బూట్ల మంచు దులుపుకుంటున్న చప్పుడు.
రసీదు రాస్తున్నాను.
చెయ్యి వణికింది గానీ
తేదీ సరిగ్గానే పడింది.