రాయి కడుగుడు

లింబాద్రీ, ఆ నూనె సీసా దూరం వెట్టు.
ఈ రాయికి నూనె పడదు.
నువ్వు ఊర్ల జూసిన సానరాయి వేరు, ఇది వేరు.
మట్టిని కాల్చి కాల్చి బొక్క లెక్క గట్టిగ జేసిన్రు,
నీళ్లు తాగదు, తొందరగ అరగదు,
కిందవడితె మాత్రం పలుగుతది.
ఆ మూల చూడు, గోరంత పెచ్చు లేచింది.
గోను తుఫాను యేడు
మత్రా చేపల మార్కెట్ల మోకాలెత్తు నీళ్లొస్తె
మొయ్దుక్క దీన్ని చంకల వెట్టుకొని మెట్లెక్కిండు.
జారిపడ్డది ఆయన. అందరం రాయినే చూసినం.
ఆయన మోకాలి సంగతి ఎవ్వరడగలే.

పొద్దుగాల పడవలొస్తయి.
మనం వంజరం అనేదాన్ని ఈడ కన్‌అద్ అంటరు,
షేరి, జైదర్, గంపలకు గంపలు ఊమా.
తొమ్మిదింటికి కత్తి జారుడు మొదలైతది.
పొలుసు మీద జారుతది, తోలు మీద జారుతది,
మొండివోయిందని నువ్వు ఇంకింత ఒత్తుతవు.
తప్పు కత్తిది గాదు.
రాయిని వెలుగుకు వట్టు.
తెల్లగుండాల్సింది నల్లగ, అద్దం లెక్క మెరుస్తాంది.
ఆ మెరుపే రోగం.
రోజంత కత్తుల నుంచి గీకిన ఇనుము
దాని పండ్ల సందుల ఇరుక్కున్నది,
పండ్లు మూసుకపోయినంక అదేం కొరుకుతది?

గోరువెచ్చని నీళ్లు కావాలె.
జూన్ నెలల ఈడ నల్లా తిప్పితె వచ్చేటియి అవే,
పొయ్యి అక్కెర్లేదు.
గిన్నెలు తోమే పొడి చిటికెడు, నైలాన్ బ్రష్షు.
ఇనుప పీచు ముట్టకు,
ఇనుము కడగనీకి ఇనుమే తెస్తవా?
గుండ్రంగ తోము, పొడుగ్గ తోము,
బడికి వోయే పోరని మెడ తోమినట్టు.
నల్ల నురుగొస్తది. పారవోసి మల్ల తోము,
నీళ్లు నీళ్ల లెక్కనే పోయేదాక.

ఎప్పుడన్న, యేడాదికో రెండేండ్లకో,
వజ్రప్పొడి అంటిన ఆ పలక తీయి.
రాయి మీద పెన్సిల్‌తోని గళ్లు గీసి రుద్దు.
గీతలన్ని ఒక్కతీరుగ పోతె సమం,
నడుమ గీత మిగిలితె నడుమ గుంత.
మొయ్దుక్క నేర్పిండు.
ఆయన మలయాళంల చెప్పేటోడు,
నేను హిందీల వినేటోన్ని,
నడుమ నడుమ అరబ్బీ.
ఎన్ని ముచ్చట్లు సముద్రంల కలిసినయో తెల్వది,
ఈ గళ్ల ముచ్చట మాత్రం మిగిలింది.

మొన్న కార్డు రెన్యూవల్‌కు వోయిన.
కౌంటర్ల కూసున్న పిల్ల బొటనవేలు వెట్టుమన్నది.
పెట్టిన. ఎర్ర లైటు.
అంగీకి తుడిచి పెట్టిన. ఎర్ర లైటు.
ఏం పని జేస్తవన్నది.
సిక్కీన్ అన్న, గాలిల నూరి చూపెట్టిన.
పందొమ్మిదేండ్లు
రాయి మీద వేలు రాసుకుంట,
అంచును వేలితోని చూసుకుంట,
గీతలన్ని ఎటువోయినయో.
ఆ నల్ల నురుగుల వోయినయేమో.
నేను మొత్తం ఇనుమే అనుకున్న.

ఆ పిల్ల తన సంచిలకెల్లి క్రీమ్ తీసి
ఒక్క చుక్క ఇచ్చింది.
గులాబీ వాసన, చేపల చేతికి.
రుద్దుమన్నది.
గుండ్రంగ రుద్దిన, పొడుగ్గ రుద్దిన.
ఇంకోసారి ఎర్ర లైటు.
నాలుగోసారికి పచ్చగ వెలిగింది.
ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలే,
వెనుక లైన్ల ఉన్నోళ్లంత
ఎవరి వేళ్లు వాళ్లు చూసుకుంటున్నరు.

సరె, చాలు. తడి గుడ్డతోని తుడువు.
ఎండల పెట్టకు, నీడకు గోడకానిచ్చి నిలవెట్టు,
కింద గోనె ముక్క మరువకు.
ఆరినంక గోరుతోని గీరు,
గరగర అంటె పని అయిపోయినట్టు.
అప్పుడు కత్తి నూరు, తొందరేం లేదు,
ఒత్తకు, బరువంత కత్తిదే ఉండాలె.

అరె, వేలు తీయి!
అంచును బొటనవేలితోని చూడకు.
ఆ డబ్బాల పాత బిల్లులున్నయి,
కాయితం కోసి చూడు.