నీటి పట్టా

గునుపురం కోర్టు గేటుకెదురుగా
జిరాక్సు కొట్టు అరుగు నా ఆఫీసు.
సంచిలో రెండు ఫోటోలు, ఒక పట్టా.
చెమటకి అంటుకుపోకుండా పాలిథిన్ కవర్లో
ఎనభై సెంట్ల పల్లపు భూమి.

ఆ భూమిప్పుడు లేదు.
మొన్నటిది కాదు, అంతకు ముందు వరదకి
వంశధార గట్టు కోసుకుని
మా నాన్న పాతిన హద్దు రాళ్ళతో సహా
పట్టుకుపోయింది.
ఒరియా అక్షరాల కింద మాత్రం భద్రంగా ఉంది.
కాగితానికి వరద రాదు.

దాన్నే అద్దెకిస్తాను.
పేకాట అయితే ఎనిమిది వందలు.
తలకాయ పగిలితే పదిహేను వందలు.
దొంగతనం రెండు వేలు,
సొత్తు దొరక్కపోతే పైన ఇంకో ఐదొందలు.
గంజాయి నా బేరం కాదు,
దానికి బరంపురం నుంచి కార్లో దిగుతారు జామీనుదార్లు,
వాళ్ళ పొలాలు ఏ ఏట్లో మునిగాయో నేనడగను.
దసరా ముందు రేటు పెంచుతాను.
పండక్కి ఇంట్లో ఉండాలని
దొంగకీ ఉంటుంది.

హాకిం గారు అడుగుతారు:
ఇతన్ని ఎరుగుదువా?
హఁ ఆజ్ఞా, అంటాను.
చిన్నప్పట్నుంచీ.
పదకొండేళ్ళలో
నూట నలభై మందిని చిన్నప్పట్నుంచీ ఎరుగుదును.

పుట్టాసింగి అవతలి కొండ మీంచి
ఒక ముసలామె వచ్చింది.
మనవడికి బెయిలొచ్చి పదమూడు నెలలట.
వచ్చిన బెయిలు జైలు గుమ్మం దగ్గరే నిలబడి ఉంది,
చెయ్యి పట్టుకుని లోపలికెళ్ళే మనిషి లేక.
సోలారు మోటారు రాగి తీగ.
ఖరీదు మూడొందల డెబ్భై అని పోలీసులే రాశారు.
పేరు ఇసాకు రైతా.
డబ్బు లేదు. గంప దించింది.
గింజ తీసిన చింతపండు, పదకొండు కిలోలు.

పాణిగ్రాహి కొట్లో కాటా వేయించాను.
అతను తొంభై అన్నాడు, నేను నూటపది అన్నాను,
ఆమె మా ఇద్దరి నోళ్ళకేసీ చూసింది.
వందకి తెగింది. తొమ్మిదొందలు తక్కువ.
వదిలేశాననుకోకండి,
రాసుకున్నాను.

ఆ నెలలోనే ఇంకొకడికి నిలబడ్డాను.
లారీల కంపెనీ మేనేజరు, మనిషిని గుద్దిన కేసు.
అడిగినదానికి రెట్టింపిచ్చి
భుజమ్మీద చెయ్యి కూడా వేశాడు.
మూడో వాయిదాకి వాడు లేడు.
ఫోను లేదు. ఇల్లు అద్దెది.
నా పేర నోటీసు వచ్చింది, భూమి జప్తని.

ఇసాకు మాత్రం ప్రతి వాయిదాకీ వచ్చాడు.
రాత్రి బయల్దేరి, కొండ దిగి,
అరగకుండా చెప్పులు చేత్తో పట్టుకుని.
కోర్టు సెలవైన రోజు కూడా వచ్చాడు,
చెప్పేవాడు లేక.
టీ ఇప్పించి అడిగాను:
రాకపోతే ఆ కొండల్లో నిన్నెవడు వెతుకుతాడ్రా?

గ్లాసు కింద పెట్టాడు.
తెలుగు వెతుక్కుని వెతుక్కుని అన్నాడు:
"నన్నెరుగుదునని సెప్పినావంట గదా.
సిన్నప్పట్నుంచీ."

ఆ తొమ్మిదొందలు
పుస్తకంలో ఇంకా అలాగే ఉన్నాయి.
కొట్టేయడానికి చెయ్యి రాదు,
అడగడానికి నోరు రాదు.

నిన్న అమీను వచ్చాడు, గొలుసు పట్టుకుని.
ఏటి ఒడ్డున నిలబడి
పట్టా చూశాడు, నీళ్ళు చూశాడు, నన్ను చూశాడు.
ఒక కొస నా చేతికిచ్చి
దిగమన్నాడు.
మోకాళ్ళ లోతు. నడుం లోతు.
తూర్పు హద్దెక్కడ? అని గట్టు మీంచి కేక.
చెయ్యెత్తి చూపించాను.

రాసుకున్నాడు.